సీసా ఎంత ఎత్తులో ఉండాలి?

మంగళవారం, రాత్రి. ఆస్పత్రి వరండా.

జ్వరంతో ఇక్కడ చేరిన నాయన మూడు రోజులుగా నోరు విప్పలేదు. ఈరోజు ఆయన్ను బాత్‌రూముకు నడిపిస్తూ, సెలైన్ సీసాను మంచినీళ్ల సీసాలాగా కిందికి వేలాడేసి పట్టుకున్నాను. గొట్టంలోకి రక్తం ఎక్కింది!

"పైకెత్తండి సార్! ఎత్తులో ఉంటేనే గదా సెలైన్ దిగేది," అని నర్సమ్మ అరిచింది. ఎత్తగానే రక్తం వెనక్కి మళ్లింది.

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "మామిడిచెట్లకు నీళ్లు పారాలనే గదరా ట్యాంకును మిద్దెమీద పెట్టినాను. బడిలో పిలకాయలకు ఏం సెప్తాండావో, ఏమో!"

ఇరవై ఏళ్లుగా గురుత్వాకర్షణ పాఠం చెబుతున్నవాణ్ణి. సిగ్గేసింది. మూడు రోజులకు ఆయన గొంతు విని ప్రాణం కూడా లేచొచ్చింది.

సిరలోని ఒత్తిడిని గెలవడానికి ఎన్ని జానల ఎత్తు చాలు? లెక్క కట్టగలను. కట్టను. పొద్దున్నే నాయననే అడుగుతాను.