గోడకెక్కిన గిటారు

చెల్లెమ్మకు, నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి, ఏమీ అనుకోకుండా కూడబలుక్కుని చదువుకో.

నేను బాగానే ఉన్నాను, గిటారే పోయింది. నేను పాఠాలు చెప్పే హాలులో ఆదివారం నాకు సన్మానం చేశారు. వెళ్లి చూద్దును కదా, అక్కడే ఉంచి వచ్చే నా గిటారును గోడకు బిగించేశారు. జారిపోకుండా దాని పొట్టలోంచి రెండు మరలు దింపారు. అదీ ఆ గోడ మీద నేను వేసిన పిచ్చుకల బొమ్మకు నట్టనడుమ.

"ఇక దీన్ని ఎవరూ కదపలేరు మాస్టారూ!" అని హాలు కార్యదర్శి మురిసిపోయాడు.

"మరి రేపు పాఠం?" అన్నాను.

"ఇంకా పాఠాలేంటండీ, హాయిగా ఇంట్లో కూర్చోక!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎదురు చెప్పలేని నా నోటి సంగతి నీకు తెలుసుగా, నేనూ కొట్టాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు.

పిల్లలు మాత్రం నా గదికే వస్తున్నారు. వాళ్ల చిన్న గిటారు అడిగి పుచ్చుకుని వాయిస్తే ఒళ్లో ఇమడడం లేదు. మీ అటక మీదున్న నా పాత గిటారు అల్లుడి చేత పంపించు. ముందు తీగలు వదులు చేయించు, లేకపోతే మెడ వంగిపోతుంది.

బావగారి మోకాలు ఎలా ఉంది? వంటింటి కప్పు కారడం ఆగిందా? మేనకోడలికి నా ఆశీస్సులు.

గిటారు వస్తున్నట్టు ఇక్కడ ఎవరికీ చెప్పను. హాలులో అవతలి గోడ ఇంకా ఖాళీగానే ఉంది. కార్డు అందగానే జవాబు రాయి.

మీ అన్నయ్య