సీటు కింది తీగ

ప్రియమైన స్తామెన్‌కు,

డోబ్రినా రాస్తున్నాను. ఇక్కడ నేను, మీ అమ్మ, కోళ్ళు అందరం క్షేమం. ఆ ఓడల రేవులో వెల్డింగ్ పొగ మరీ పీల్చకుండా నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఫోన్లో అయితే నాకు నోరు జారుతుంది. పైగా మీ అమ్మ పక్కనే కూర్చుని వింటుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్ళు కాస్త నయం, బస్సు మెట్లు మాత్రం ఎక్కలేరు. ద్రాక్ష కొమ్మలు కత్తిరించడం పూర్తయింది. రుమ్యానా పోయి నాలుగేళ్ళయిందని ఆమె ఫొటోతో అచ్చువేయించిన కాగితం గేటుకు అంటించమన్నావు. అంటించాను. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరు కూడా తొడిగాను. రోజూ పాలు పట్టుకుని వచ్చేటప్పుడు ఆ ఫొటోలోంచి నీ మొదటి భార్య నన్ను చూసి నవ్వుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. అందగత్తె, పొడగరి, పైగా చనిపోయింది. ఇక ఆమె కూర మాడ్చదు, ముసలిదీ అవదు. అలాంటిదాని మీద నేనేం చేసి గెలవను?

ఇక కారు సంగతి. పొగ పరీక్షలో నెగ్గిందా అని ప్రతి ఉత్తరంలోనూ అడిగావు. నా జ్వరం తగ్గిందా అని ఒక్కసారి అడిగావు.

మొదటిసారి తప్పింది. పరీక్ష చేసే ఖ్రిస్కో పొగగొట్టంలో తన గొట్టం దూర్చి, అంకె చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఇదేంటమ్మా, బొగ్గు రైలు తోలుకొచ్చావా? రుమ్యానా చేతిలో ఉన్నన్నాళ్ళూ ఈ బండి ఒక్కసారీ తప్పలేదే! ఆవిడైతే కొండదాకా తోలి, ఇంజను బాగా వేడెక్కాక తెచ్చేది."

"ఆవిడ బండి ఆవిడ మాటే వింటుంది కాబోలు," అన్నాను.

"రెండు వారాల్లో మళ్ళీ తీసుకురా. అప్పుడూ తప్పిందా, ఇక తుక్కుకే."

ఇప్పుడు అసలు మాట. బండిలో ఏ లోపమూ లేదు. పొగ ఎక్కువ రావాలని చోక్ సగం బయటికి లాగి ఉంచి, ఇంజను వేడెక్కకుండానే తీసుకెళ్ళాను. కావాలనే. తుక్కులో పోతే పీడ విరగడవుతుందనుకున్నాను.

ఎందుకో చెబుతాను. ముందురోజు బండి తుడుస్తూ డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టాను. సీటు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, ముందుకు జరగదన్నావు. రెండేళ్ళుగా వెనక దిండు పెట్టుకుని, మునివేళ్ళతో క్లచ్ తొక్కుతున్నాను. అక్కడ తుప్పూ లేదు, గిప్పూ లేదు. ఇనుప తీగతో కట్టి ఉంది. ద్రాక్ష గుంజలకు నువ్వు వేసే మూడు మెలికల ముడే. నువ్వు కూడా ఆ సీట్లో మోకాళ్ళు ఇరికించుకునే కూర్చునేవాడివి. రుమ్యానా వదిలివెళ్ళిన చోటే సీటు ఉండాలని కట్టేశావు, నాతో అబద్ధం చెప్పావు. తెల్లారగానే చోక్ లాగాను.

పది రోజులు బండి మొహం చూడలేదు. ఇంతలో అత్తయ్యకు పట్నంలో కంటి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.

"కారు లేకపోతే ఎలా వెళ్తామే? పోనీలే, ఒక కన్ను చాల్లే నాకు," అందావిడ. నాకు తల కొట్టేసినట్టయింది.

కొమ్మల కత్తెరతోనే తీగ కోశాను. సీటు ముందుకు జారింది. పాదం మొత్తం క్లచ్ మీద ఆనింది. మళ్ళీ పరీక్షకు బయల్దేరుతుంటే మీ అమ్మ చెంబెడు నీళ్ళు తెచ్చి, పని మీద వెళ్ళేవాళ్ళకు మంచి జరగాలని పోసినట్టు బండి ముందు పోసింది.

"రుమ్యానాకూ ఇలాగే పోసేవారా, అత్తయ్యా?"

"దానికీ పోసేదాన్ని. ఇప్పుడు నీకు పోస్తున్నా. నోరు మూసుకుని తోలు!"

కొండదాకా మూడో గేరులోనే మోత మోగించాను. ఖ్రిస్కో అంకె చూసి, "ఇదీ రుమ్యానా బండంటే!" అన్నాడు.

"డోబ్రినా బండి. అలాగే రాసుకో," అన్నాను. నవ్వుతూ రాసుకున్నాడు. నెగ్గింది, స్తామెన్.

చోక్ లాగినందుకు నన్ను క్షమించు. తీగ కోసినందుకు మాత్రం క్షమాపణ అడగను. మెలికలు విప్పకుండా ఈ కవరులోనే పెట్టాను, దాచుకో. ఆమె కోసం ఏడవాలనిపిస్తే నా ఎదుటే ఏడువు. గేటు మీది కాగితం ఏటా నేనే అంటిస్తాను. సీటు మాత్రం నా కాళ్ళకు అందేచోటే ఉంటుంది. ఈస్టరుకు వచ్చినప్పుడు నువ్వు పక్క సీట్లో కూర్చో.

ఇట్లు,
నీ భార్య
డోబ్రినా