అమ్మబడును: పాత రికార్డు ప్లేయరు

పెట్టె నంబరు వారికి,

పేపరు ప్రకటనలో మీ పేరు బదులు పోస్టు పెట్టె నంబరే వేశారు కాబట్టి పెట్టెకే నమస్కారం పెడుతున్నాను. మీరు అమ్ముతానన్న రికార్డు ప్లేయరు గురించి. నేను బట్టలు కుట్టేదాన్ని. కొత్తది కొనే స్తోమత లేదు, పాతది కొని మోసపోయే ఓపికా లేదు. ఏం చూసుకుని కొనాలో మీరే నిజం చెప్పండి. అంత చవగ్గా ఎందుకిస్తున్నారు? సూది అరిగిందా? అదొక్కటే అయితే దిగులు లేదు, నా దగ్గర అన్ని సైజులూ ఉన్నాయి.

జవాబు మా టైలరింగ్ షాపుకి రాయండి. ఇంటికొస్తే మా అత్తగారు పడుకున్నచోటికే తెప్పించుకుని నాకంటే ముందు చదివేస్తారు.

ఇట్లు,
కుట్టుపని ఆవిడ

తా.క.: సూదికి దారం ఎక్కించాలా?

*

కుట్టుపని చేసే అమ్మగారికి నమస్కారం.

దయచేసి మీ సూదుల్ని దీని దరిదాపులకి రానివ్వకండి. నేను కళ్ళద్దాలు చేసేవాణ్ణి. దీని సూదిని భూతద్దంలో చూశాను, అరగలేదు. పాతది కొనేటప్పుడు మీరూ అలాగే చూడండి. రికార్డు పెట్టే పళ్ళేన్ని వేలితో తిప్పి వదిలితే ఊగకుండా తిరగాలి. తర్వాత మీకు బాగా తెలిసిన పాట పెట్టించుకుని ఆఖరిదాకా వినండి, సగంలో లేవకండి.

నా దానికి పళ్ళేన్ని తిప్పే బెల్టు సాగింది. చివరికొచ్చేసరికి పాడే ఆవిడకి నిద్ర ముంచుకొస్తున్నట్టుంటుంది. కానీ అమ్మడానికి కారణం అది కాదు. సాయంత్రం పాట పెట్టగానే వెనక బిల్డింగులో ఎవరో కిటికీ ఢామ్మని మూస్తారు. రోజూ అంతే. సిగ్గేసి ఒక్కసారి కూడా అటు తల తిప్పి చూడలేదు. చివరికి పాటా మానేశాను.

ఇట్లు,
కళ్ళద్దాలాయన

తా.క.: మూత మీద పిల్లి పడుకుంటుంది. బేరంలో పిల్లి లేదు.

*

కళ్ళద్దాలాయన గారికి,

మీ ఉత్తరం చదివి నా ఒళ్ళు మండిపోయింది. ఆ కిటికీ మనిషెవరో చెప్పండి, వచ్చి కడిగిపారేస్తాను. పాట విలువ తెలియని జన్మ అది.

మా ఇంటికీ ఎక్కణ్ణుంచో సాయంత్రాలు పాట వచ్చేది. మంచం పట్టిన మా అత్తగారికి అదే లోకం. ఎవరో పిల్ల పాడుతోందనుకుంటారు. చివర్లో గొంతు మెల్లగా సాగిపోతుంటే, "పాపం, దానికీ నిద్రొస్తోంది" అని తనూ కళ్ళు మూసుకునేవారు. కొన్నాళ్ళుగా పాట లేదు. పిల్ల రాలేదని ఈవిడ రాత్రి ముద్ద ముట్టడం లేదు. అందుకే కొందామనుకున్నాను.

మా కిటికీ చెక్క వానకి ఉబ్బిపోయింది. పాట వినబడగానే పరిగెత్తి భుజంతో ఢామ్మని గుద్దితే గానీ తెరుచుకోదు. పాటంటే నాకెంత ఇష్టమో నా భుజాన్నడగండి.

ఇట్లు,
కుట్టుపని ఆవిడ

తా.క.: ఆ మనిషి ఆడా, మగా? ఆడైతే నేను మాట్లాడతాను. మగైతే మా అత్తగారు మాట్లాడతారు.

*

మూడో అంతస్తు అమ్మగారికి,

మీ ఉత్తరం చదివి లేచెళ్ళి వెనక కిటికీ తీశాను. ఎదురుగా మూడో అంతస్తు ఊచలకి కొలతల టేపు వేలాడుతోంది. మీరు కడిగిపారేయాల్సిన మనిషి అక్కడే ఉంటున్నారు.

ప్లేయరు ఇక అమ్మను. కొనేవారి కోసమని మొన్న కొత్త బెల్టు వేశాను. విప్పేసి సాగిందే మళ్ళీ ఎక్కించాను. ఈ ఉత్తరం అందిన సాయంత్రం నుంచి వినండి.

ఇట్లు,
వెనకింటాయన

తా.క.: ఇన్నాళ్ళూ మిమ్మల్ని మనసులో ఏమేం తిట్టుకున్నానో అడక్కండి.

*

వెనకింటాయన గారికి,

పాట వచ్చింది. గది నిండా పాటే. అత్తగారి కళ్ళు సగం మూతపడ్డాయి, నా చేతిలో బట్ట ఒళ్ళోకి జారినా తీసుకోలేదు. పాట అయ్యాక ఆవిడ అన్నం తిన్నారు. అప్పుడు ధైర్యం చేసి, అది పిల్ల కాదు, మిషనని చెప్పాను.

"మిషనైతే మాత్రం? రోజూ వచ్చి పాడేదాన్ని ఒక్కసారైనా లోపలికి రమ్మనవా?" అన్నారు.

కాబట్టి ఆదివారం దాన్ని జాగ్రత్తగా ఎత్తుకుని మా ఇంటికి రండి. మీరూ భోంచేద్దురుగాని.

ఇట్లు,
మూడో అంతస్తు ఆవిడ

తా.క.: మెట్ల మీద వెలుతురుండదు. కింద నిలబడి పిలవండి, దీపం పట్టుకుని దిగుతాను.