దివాణం డ్రమ్ము

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్న సంవత్సరీకం పెట్టాను. మధ్యాహ్నం నీ డ్రమ్ము పరువు తీశాను.

ఎల్లుండి నెల్లిమర్లలో పెళ్లి ఉంది. మన బ్యాండులో సైడ్ డ్రమ్ములు రెండు. జమీందారు దివాణం వేలంలో నువ్వు కొన్న ఇత్తడి సింహం బొమ్మది ఒకటి, నా పాత చెక్క డ్రమ్ము ఒకటి. "నీది డొక్కురా, ఎనకాల నిలబడి కొట్టు" అంటూ పదేళ్లు నన్ను గ్యాసు లైట్ల వెనక్కి తోసావు.

పెళ్లిలో ఏది ముందు ఉండాలో తేల్చమని ఈరోజు మేళం వాళ్లందర్నీ గోడవైపు తిప్పి, ముందు నీది, తర్వాత నాది వాయించాను. గట్టిగా కొడితే నీది బాగానే అరిచింది. మెల్లగా కొడితే మాత్రం అడుగున బిగించిన తీగలు కదల్లేదు, ఖాళీ డబ్బా మోతే. నాది ఎంత మెల్లగా తట్టినా ఝర్రుమంది. "రెండోదే" అన్నారందరూ. నాకెంత సంతోషమేసిందో దాచను.

గుమ్మంలో వదిన కూడా అటు తిరిగే నిలబడి ఉంది. జ్వరంలో కుడిచెవి పోయిందని నువ్వు మాకు చెప్పిన వదినే.

"కొన్నరోజే సెప్పినాను బాబూ, దీనికి మోతే గానీ పలుకు లేదని. నీకేటి తెలుసే అని మీ అన్న ఈ సెవి మీద కొట్టీసినాడు. అప్పట్నుంచి ఇనబడదు" అంది.

నన్ను వెనక్కి తోసావనే ఇన్నాళ్లూ నీమీద కక్ష పెట్టుకున్నాను. పొద్దున్న నీకు పెట్టిన పిండం వెనక్కి తీసుకునే మంత్రమేదైనా ఉంటే, పంతులుగారిని ఇప్పుడే మళ్లీ పిలుచుకొస్తాను.

నీ తమ్ముడు