రిజిస్టరులో మాత్రమే మారిన ఎలక్ట్రోడు

పటమట, గురువారం రాత్రి

మా డెయిరీ బాయిలర్‌కు పోయిన వారం కొత్త ఎలక్ట్రోడు వేశామని మేనేజరు రిజిస్టరులో అబద్ధం రాశాడు.

ఎలక్ట్రోడంటే పింగాణీ తొడుగున్న లోహపు పుల్ల; దాని కొన నుంచి బర్నరుకు నిప్పురవ్వ దూకితేనే గ్యాసు అంటుకుంటుంది. ఆ పింగాణీ పగిలితే కరెంటు దారిలోనే ఇనుములోకి పోతుంది. రవ్వ రాదు, గ్యాసు లోపల పోగవుతుంది. ఈ ఉదయం అదే ఒక్కసారిగా భగ్గుమని ఆపరేటర్ మస్తాన్ భాయ్ కనుబొమలు కాలాయి.

బర్నరు వెలగక ఆగినప్పుడల్లా, "మళ్లీ రీసెట్ నొక్కవయ్యా, పాలు విరిగిపోతాయ్" అని మూడుసార్లు ఆ బటన్ నొక్కించింది మేనేజరే. ఇప్పుడేమో, "పార్టు కొత్తదేనండీ, మస్తాన్‌కే తొందరెక్కువ" అని అందరికీ చెబుతున్నాడు.

మధ్యాహ్నం ఆ ఎలక్ట్రోడును విప్పి చూశాను. పింగాణీ మీద వెంట్రుకంత పగులు. బయటి కొస దగ్గర, నెలల కిందట దసరా ఆయుధపూజకు నేను పెట్టిన కుంకుమ బొట్టు. పోయిన వారం వచ్చినదానికి దసరా బొట్టెలా వచ్చింది?

"వదిలెయ్ తమ్ముడూ, కనుబొమలు మొలుస్తాయ్‌లే" అని మస్తాన్ భాయ్ నవ్వాడు. రేపు కళ్లే పోతే? ఆ రిజిస్టరులో ఇంకెన్ని అబద్ధాలున్నాయో...

మేనేజరు రాత్రికి రాత్రి మాయం చేస్తాడని ఎలక్ట్రోడును నా సంచిలో తెచ్చుకున్నాను. కొత్తది కళ్లముందు బిగించేదాకా మస్తాన్ భాయ్‌ని ఆ బటన్ ముట్టుకోనివ్వకూడదు. షిఫ్టుకు ముందే పనివాళ్లమందరం గేటు దగ్గర చేరి ఈ బొట్టు చూపించి అడగాలి. రేపు ఉదయం ఐదున్నరకు.