పేరు తెలియదు అని రాసిన టేపు

తెక్కేపురం, కోళికోడ్
9 మే 2003

చెల్లీ సైనూ,

సలాం. ఇక్కడ అందరి ఒళ్లూ కుదురుగానే ఉంది. కవరత్తి దీవిలో నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ బాగున్నారనే నమ్మకంతో రాస్తున్నాను. బేపూర్ రేవు నుంచి వానలకు ముందు కదిలే ఆఖరి ఓడ వచ్చే గురువారం. అది తప్పితే ఈ ఉత్తరం నాలుగు నెలలు నా దగ్గరే ఉండిపోతుంది. అప్పటిదాకా నా ధైర్యం నిలుస్తుందన్న నమ్మకం లేదు.

"ఇంకా ఊరందరితో పోట్లాడుతున్నావా ఇక్కా?" అని ఈ అన్నను అడిగావు. పోట్లాడక ఏం చేయను? మొన్న సంగీత క్లబ్బువాళ్లు పాత టేపులన్నీ సీడీలకు ఎక్కిస్తామని సభ పెట్టి జాబితా పంచారు. అందులో హార్మోనియం వాయించినవాడి పేరుంది, తబలా వాయించినవాడి పేరుంది, ఆ పూట బిర్యానీ పెట్టించిన పెద్దమనిషి పేరు కూడా ఉంది. పెళ్లిపాటలు పాడిన ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం 'స్త్రీల బృందం' అట. లేచి నిలబడి, "వీళ్లను తల్లులు కనలేదా, మీ క్లబ్బు కన్నదా?" అని అడిగాను. కార్యదర్శి నవ్వాడు. "కోయా ఇక్కా, పేర్లు వేస్తే వాళ్లింట్లోవాళ్లే వచ్చి మమ్మల్ని తంతారు."

"తన్నించుకోండి. పాట కావాలంటే ఆ మాత్రం ఓర్చుకోవాలి" అన్నాను.

మర్నాడే పత్రికకు పెద్ద వ్యాసం రాశాను. అచ్చయింది. నా రాతలన్నీ కత్తిరించి నీకు పంపుతుంటాను కదా, దీన్ని మాత్రం పంపడం లేదు.

నీ గదిలో ఎవరుంటున్నారని కూడా అడిగావు. పెళ్లయినా ఆడపిల్ల పుట్టిల్లు వదలని వీధి మనది. అల్లుళ్లే పొద్దుగూకాక నడిచొస్తారు. నేనూ ఇన్నేళ్లుగా మీ వదిన రుఖియా ఇంటికి అలాగే నడుస్తున్నాను. అలాంటి వీధి నుంచి ఓడెక్కించి పంపిన పిల్లవు నువ్వొక్కదానివే. ఉప్పా తన కూతురికని వేయించిన మేడగది ముందు ఏ అల్లుడూ చెప్పులు విడవలేదు. అందులో నా టేపులున్నాయి సైనూ. గోడకు మూడు బీరువాలు, రెండువేల పైచిలుకు టేపులు, వాటన్నిటికీ ఒక రిజిస్టరు.

ఏటా వానలకు ముందు ప్రతి టేపునూ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. లేకపోతే చెమ్మకు పొరలు అంటుకుపోతాయి, బూజు పడుతుంది. ఈసారి నడుం నొప్పితో కూర్చోలేక సాయానికి అవరాన్‌ను పిలిచాను. అవును, ఆ అవరానే. "హార్మోనియాలు బాగుచేసే ఆ మనిషి ఇంకా మన వీధిలో తలెత్తుకు తిరుగుతున్నాడా?" అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. ఈసారి జవాబు చెబుతాను.

నాలుగో రోజు అతని చేతికి 412 నంబరు టేపు వచ్చింది. తిప్పడంతో ఆగక వినిపించాడు. పదిహేడేళ్ల నీ గొంతు గది నిండా పరుచుకుంది. మధ్యలో వంటింట్లోంచి ఉమ్మా, "సైనూ, గంజి పొంగుతోందే" అని కేకేసింది. నువ్వు నవ్వి, చరణం మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నావు.

పాటయ్యాక అవరాన్ రిజిస్టరు అడిగి తీసుకుని, వేలు పెట్టి చదివాడు. '412. ఆడ గొంతు. పేరు తెలియదు.'

"పేపర్లో అంత పొడుగు వ్యాసం రాసిన ఉస్సన్‌కోయవి నువ్వేనా, ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

సైనూ, నీ పాటను అవరానే బయటపెట్టాడని ఇరవై నాలుగేళ్లుగా నువ్వు నమ్ముతున్నది అబద్ధం. అవరాన్ మనకు టేప్ రికార్డర్ అరువిచ్చాడు, అంతే. ఆ పాటను గడప దాటించింది నేను. నాలాగే టేపుల పిచ్చి ఉన్న హంస ఇక్కా దగ్గర ఎవరికీ దొరకని ఒక మెహఫిల్ టేపు, పాత పాటకచేరీది, ఉండేది. టేపులు పోగేసేవాళ్ల పద్ధతి ఎలాంటిదంటే, డబ్బిస్తామన్నా అలాంటివి ఇవ్వరు. ఇంకెవరి దగ్గరా లేనిది ఒకటి తెచ్చి చేతిలో పెట్టాలి. నా దగ్గర అలాంటిది నీ గొంతొక్కటే. నకలు తీసి ఇచ్చాను. ఎవరికీ వినిపించనని హంస ఇక్కా ఒట్టు పెట్టాడు. వారం తిరక్కుండా అది క్లబ్బులో నలభైమంది మగాళ్ల ముందు మోగింది. నీకు కుదిరిన సంబంధంవాళ్లు మర్నాడే మనిషిని పంపి వద్దన్నారు. ఆ తర్వాత మన వీధిలో ఏ ఇల్లూ కొడుకును పంపనంది.

ఉమ్మా అవరాన్‌ను నిలదీసినప్పుడు అతను నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆ నకలును ఉమ్మా తెప్పించి పొయ్యిలో వేసింది. అసలుదీ తెమ్మంటే ఖాళీ టేపు ఇచ్చాను. అసలుదాన్ని ఆ మూడు ముక్కలు రాసి బీరువాలో దాచాను.

అప్పుడే ఎందుకు చెప్పలేదని మొన్న అవరాన్‌ను అడిగాను.

"సొంత అన్నే ఇచ్చేశాడని తెలిస్తే ఆ పిల్ల ఆ ఇంట్లో ఇంకెవర్ని నమ్ముతుంది? బయటివాణ్ని, నన్ను తిట్టుకుంటే పోయేదేముందిలే అనుకున్నా. ఇన్నేళ్లు నేను మోశాను కోయా. ఇక నువ్వు మొయ్యి."

ఆ మెహఫిల్ టేపు గొప్పదే. తెచ్చుకున్న రోజు ఒక్కసారి విన్నాను. మళ్లీ వినలేకపోయాను. నీదాన్ని మాత్రం ఏటా వానలకు ముందు, తిప్పడం వంకతో, తలుపేసుకుని వినేవాణ్ని. ఏడాదికి ఒకసారి ఆ గది నీదయ్యేది.

ఈ ఉత్తరంతో పాటు 412ను గుడ్డలో చుట్టి ఓడ సరంగు చేతికిస్తున్నాను. పంపేముందు ఒక నకలు తీసుకో అన్నాడు అవరాన్. నిన్ను అడక్కుండా ఒకసారి తీసింది చాలన్నాను. రిజిస్టరులో 'పేరు తెలియదు' అన్నది కొట్టేశాను. నీ పేరు రాయలేదు. రాయమంటావో, ఆ వరుసే చింపేయమంటావో నువ్వు చెప్పాలి. వానలు వెలిశాక చెప్పినా సరే, ఎప్పటికీ చెప్పకపోయినా సరే. గురువారం నుంచి ఈ ఇంట్లో నీ గొంతు ఉండదు.

ఇట్లు,
నిన్నిచ్చి ఇంకొకరి పాట తెచ్చుకున్న
నీ ఇక్కా,
ఉస్సన్‌కోయ