గుండు చుట్టూ తిరిగిన మెట్లు

జూన్ 9
జూబ్లీహిల్స్‌లో ఒక కాలనీ కమిటీ వాళ్లు పుస్తకం వేస్తున్నారు. పాత ఇళ్లు, వాటి ఆర్కిటెక్చర్, రాళ్ల కొండ మీదికి సినిమా వాళ్లు ఎలా వచ్చారు, అవన్నీ. ఇంగ్లిషులో, పెద్ద ఫోటోలతో. రాయడానికి ఒక ఆర్కిటెక్ట్ కావాలని నన్ను పిలిచారు. సెక్రటరీ త్రినాథరావు గారు మర్యాదస్తుడు. ఎక్కడుంటావమ్మా అంటే మధురానగర్ అన్నాను. ఓహో అన్నారు. పుస్తకం బాగా వస్తే కొత్త క్లబ్‌హౌస్ డిజైన్ కూడా నీకే ఇద్దాం అన్నారు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవిలో ఉంది.

జూన్ 17
ఇవాళ త్రినాథరావు గారి సొంత ఇల్లు చూశాను. వాళ్ల నాన్న పట్టాభిరామయ్య గారు సినిమాలు తీసేవారట. మద్రాసు నుంచి వచ్చి 1984లో కట్టించారు. గోడలన్నీ అక్కడి రాయే, ప్లాస్టరింగ్ లేదు. హాల్లో అడుగు పెట్టగానే ఏనుగంత రాతి గుండు. దాన్ని పగలగొట్టకుండా మెట్లను దాని చుట్టూ తిప్పారు. చెయ్యి ఆనిస్తే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. ఈ ఆలోచన ఎవరిదని అడిగాను. బొంబాయి ఆర్కిటెక్ట్‌ది అన్నారు.

బయటికి వస్తుంటే వాచ్‌మన్ కమలాకర్ మెల్లగా చెప్పాడు, గుండు సంగతి ఫిలింనగర్ బస్తీలో శకుంతలమ్మని అడగమని.

జూన్ 20
రెండు గదుల ఇల్లు. శకుంతలమ్మకి డెబ్బై దాటి ఉంటాయి. భర్త పోచయ్య రాళ్లు కొట్టేవాడు, పోయి తొమ్మిదేళ్లయింది. ఆ ఇంటికి ఆయన కొట్టిన రాళ్లని ఈవిడ నెత్తి మీద మోసింది. మొదట గుండుకి మందు పెట్టి పేల్చాలనే అనుకున్నారట. పోచయ్య మూడు రోజులు దాని చుట్టూ తిరిగి, దీని అడుగు పక్కింటి కింది దాకా ఉంది, పేలిస్తే ఆ ఇల్లు నిలవదు, నేను మందు పెట్టను అన్నాడట. మెట్లు ఎలా తిప్పాలో బొగ్గుతో నేల మీద గీసి చూపించాడట.

"ఇంజనీరు నవ్విండు. మల్ల గట్లనే కట్టిండు" అంది.

మనవరాలు రష్మి డిగ్రీ చదువుతోంది. టీ తెచ్చి ఇచ్చి, మేడం, మా తాత పేరు రాస్తరా అని అడిగింది. రాస్తానన్నాను. ఒట్టు కూడా వేశాను, ఎవరూ అడక్కుండానే.

జూన్ 24
త్రినాథరావు గారి ఫైల్లో మొదటి డ్రాయింగ్ దొరికింది. గుండు లేదు. మెట్లు తిన్నగా ఉన్నాయి. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

జూలై 15
త్రినాథరావు గారు ఫోన్ చేశారు. నేను పంపిన డ్రాఫ్ట్ చాలా బాగుందట. పోచయ్య పేరా మాత్రం తీసేద్దాం అన్నారు. ఆ బొంబాయి ఆర్కిటెక్ట్ పిల్లలు పుస్తకం రిలీజ్ ఫంక్షన్‌కి వస్తున్నారు, వాళ్లు నొచ్చుకుంటారు అని. డ్రాయింగ్ గురించి చెబుదామని నోరు తెరిచాను. అదే గుక్కలో, సోమవారం క్లబ్‌హౌస్ సైట్ చూద్దువుగాని రా అన్నారు.

ఫైన్ సర్ అన్నాను.

జూలై 16
ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 3
ఫంక్షన్ అయింది. అట్ట మీద నా పేరు, నిహారిక అని, బంగారు రంగులో. అందరూ ఫోటోలు దిగుతున్నారు. వెనక, ప్లేట్లు పేర్చిన బల్ల పక్కన, జరీ అంచు చీర కట్టుకుని శకుంతలమ్మ నిలబడి ఉంది. కమలాకర్ చెప్పాడట. నన్ను చూసి నవ్వింది.

"యాడ రాసినవ్ బిడ్డా? జర చదువు."

పారిపోవాల్సింది. లేదా నిజం చెప్పాల్సింది. నేను నలభై ఒకటో పేజీ తీశాను. పేజీ నిండా గుండు ఫోటో, కింద మూడు లైన్లు, ఆర్కిటెక్ట్ గొప్పతనం మీద. దాని మీద వేలు పెట్టి తెలుగులో చదివాను. ఈ గుండుని కాపాడినవాడు పోచయ్య, కొండ మనసు తెలిసిన మేస్త్రి, ఆయన మాటకి మెట్లే పక్కకి తప్పుకున్నాయి. ఇంకా ఏమేమో. ఆగకుండా వచ్చేశాయి మాటలు. ఆమె పేజీని కళ్లకద్దుకుంది. నా కాపీ ఆమెకే ఇచ్చేశాను.



ఆగస్టు 9
రష్మి ఫోన్. పుస్తకం రెండుసార్లు చదివిందట. తాత పేరు ఏ పేజీలో ఉందని అడిగింది. మీటింగ్‌లో ఉన్నాను అన్నాను. వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను.

ఆగస్టు 17
వెళ్లాను. నన్ను చూడగానే శకుంతలమ్మ రష్మిని పాలకి పంపింది. తలుపు చేరవేసింది. పుస్తకంలో ఏమీ లేదమ్మా అన్నాను.

"నాకెర్కనే" అంది. "అచ్చరాలు రావు గని కండ్లున్నయి గద. మూడు లైన్లుండె. నువ్వు శానసేపు చదివినవ్."

మరి ఆ రోజు అడగలేదేం అన్నాను. నలుగురిలో నీ ఇజ్జత్ పోతదని అంది. రష్మికి కూడా, తాత పేరు ఇంకో బుక్కులో వస్తుందని చెప్పిందట, ఆ పిల్ల నన్ను తిట్టకుండా ఉంటుందని. నా తప్పుకి ఆవిడ అబద్ధమాడింది.

లేస్తుంటే, తనలో తను అనుకుంటున్నట్టు అంది: "మంచిగ చెప్పినవ్ బిడ్డా. గదే రాస్తే అయిపోతుండె."

ఆగస్టు 18
పాత డ్రాయింగ్ ఫోటో జత చేసి కమిటీ అందరికీ మెయిల్ పెట్టాను. పేరా తీయించింది త్రినాథరావు గారు, ఒప్పుకున్నది నేను అని రాశాను. రెండో ప్రింట్‌లో మార్చకపోతే అట్ట మీద నా పేరు తీసేయమన్నాను. సాయంత్రానికి క్లబ్‌హౌస్ పని వేరే వాళ్లకి వెళ్లిపోయింది. పుస్తకం సంగతి చూద్దాం అన్నారు. బాధగా లేదు. గొప్పగానూ లేదు. నెల రోజుల కిందట చేయాల్సిన పని.

ఆగస్టు 21
రష్మికి నేనే ఫోన్ చేశాను. ఏ పేజీలోనూ లేదని, ఎందుకు లేదో కూడా చెప్పాను. అంతా విని, వాళ్ల తాత పేరుని ఇంగ్లిషులో ఒక్కొక్క అక్షరమే చెప్పింది. చివర్లో 'ఎ' అక్షరాలు రెండా, ఒకటా అని అడిగాను.

ఒకటే అంది. రాసుకున్నాను.